రాజమ్మత్త చెంబు, నాయిన ఎర్రమందు

మొన్న మా చెల్లెలి మనవరాలు వచ్చి రెండు రోజులు ఉండి పోయింది. స్నేహితులతో కలిసి నల్లమలలో మూడు రోజులు కాలినడకన తిరిగి వచ్చిందట. వీపు మీద తన ఎత్తులో సగమున్న సంచీ, కాళ్లకి బొబ్బలు, మొహం నిండా సంతోషం. సంచీలోంచి ఒక్కొక్క సామానే తీసి చూపిస్తూ మాత్రల రేకు ఒకటి నా చేతిలో పెట్టింది. "అమ్మమ్మా, ఎంత పాచి నీళ్లైనా సరే, ఒక్క గోళీ వేసి అరగంట ఆగితే చాలు, తాగెయ్యొచ్చు. మీ జమానాల అడవికి పోతే నీళ్లకు ఏం చేసేటోళ్లు?" అని అడిగింది. "కాచుకుని తాగేవాళ్లం" అన్నాను. "అబ్బ, ఎంత ఓపిక మీకు!" అని మెచ్చుకుని స్నానానికి పోయింది. ఆ రేకు నా చేతిలోనే ఉండిపోయింది. ఇంత వయసొచ్చింది, పళ్లూడిపోయాయి, ఇప్పటికీ ఆ అడవిలో నీళ్ల మాట ఎత్తితే నా నోట ముందొచ్చేది అబద్ధమే. నా మీద నాకే ఒళ్లు మండి, ఈ నాలుగు కాగితాలు ముందేసుకున్నాను.

అప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉండేవాళ్లం. ఎంత కడిగినా ఆ ఇంట్లో రైలింజన్ మసి పోయేది కాదు. ఆరేసిన చీరల మీద మసి, పెరుగు గిన్నె మీద మసి. అమ్మ నీళ్లకుండల మూతికి తెల్ల గుడ్డ కట్టేది, సాయంత్రానికి ఆ గుడ్డ మీద వేలితో పేరు రాసుకోవచ్చు. నాయిన ఆబిడ్స్ దగ్గర ఒక బడిలో సైన్సు చెప్పేవాడు. పగలంతా పిల్లలకి ఉర్దూలో చెప్పిన పాఠం ఇంటికొచ్చి తెలుగులో మా మీద ప్రయోగించేవాడు. ఆయన పాఠాలన్నిట్లో పెద్దది నీళ్ల పాఠం. పొద్దున నల్లా రాగానే చింతపండుతో తోమిన రాగి డేగిసలో నీళ్లు పట్టి పొయ్యెక్కించాలి. తెర్లడం, అంటే మసలడం, మొదలుపెట్టాక నాయిన గడియారం చూసుకుంటూ పక్కన నిలబడేవాడు. ఆయన దించమన్నప్పుడే దించాలి. ఆ నీళ్లు చల్లారినా కట్టెల పొగ వాసన వచ్చేవి. ఇప్పుడెప్పుడైనా పొగ వాసన ముక్కుకి తగిలితే నాకు ముందు దాహం గుర్తొస్తుంది.

ఇంట్లో ఆ పాఠం చెల్లని మనిషి ఒక్కరే, మా రాజమ్మత్త, నాయినకి అక్క. పెళ్లైన మూడేళ్లకే భర్త పోతే మా ఇంటికొచ్చి, మమ్మల్నందర్నీ తన చేతుల మీద పెంచింది. ఆమె నల్లా నీళ్లు ముట్టేది కాదు. నల్లా లోపల తోలు బిళ్ల ఉంటుందనీ, నీళ్లు దాన్ని ఒరుసుకుని వస్తాయనీ ఎవరో చెప్పారు. అంతే, తడిబట్టతో సందులోని బావికి పోయి తనే ఒక ఇత్తడి చెంబు తోడుకునేది. రాతి మీద చిల్లగింజ అరగదీసి, ఆ గంధం చెంబులో కలిపి కదలకుండా పెట్టేది. కొంతసేపటికి మడ్డి అంతా అడుక్కి దిగేది. పైన తేరిన నీళ్లు మెల్లగా ఒంపుకుని తాగేది. నాయిన ఊరుకునేవాడా? "తేటగ ఉన్నంత మాత్రాన మంచియి అయితయా అక్కా?" అనేవాడు. "మరి మంచినీళ్లని దేన్నంటర్రా? బురదనా?" అని ఆమె నవ్వేది. కాచి తాగమంటే మాత్రం నవ్వేది కాదు. పొయ్యెక్కిన నీళ్లు ఆమె లెక్కలో వండిన పదార్థం. అన్నమెంతో అవీ అంతే. ఉపవాసం నాడు కాచిన నీళ్లు తాగితే అన్నం తిన్నట్టే. "ఉపాసముండి కూడు తాగుతార్రా ఎవరన్నా?" అని అడిగేది. నాయిన తిరిగి తన డేగిస దగ్గరికి పోయేవాడు.

నాకు పన్నెండేళ్లప్పుడు విషజ్వరం వచ్చి చావు దాకా పోయి వచ్చాను. హకీము చేతులెత్తేశాడు, దవాఖానలో డాక్టరూ రెండు రోజులు చూద్దామన్నాడు. అప్పుడు అత్త శ్రీశైలం మల్లన్నకి మొక్కుకుంది. పిల్ల లేచి తిరిగితే, అడవిలో కాలు పెట్టిన కాణ్నుంచి దర్శనం అయ్యేదాకా కాచింది, వండింది నోట పెట్టకుండా నడిచి కొండెక్కుతానని. నేను లేచాను, తిరిగాను. మరుసటి శివరాత్రికి ప్రయాణం పెట్టుకుంది. నన్ను కూడా తీసుకుపోయి మల్లన్నకి చూపించాలంది. అక్కని ఆపలేక, మా ఇద్దర్నీ ఒంటరిగా పంపలేక నాయిన సెలవు పెట్టాడు. ఆ దారిలో ఏటేటా గత్తర తగులుతుందని ఆయనకి తెలుసు. గత్తరంటే ఇప్పటివాళ్లు కలరా అంటారు. పొద్దున తగిలితే మాపటికి మనిషి ఉండదు.

ప్రయాణానికి ముందు నాయిన నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్‌లో ఇంగ్లీషు మందుల దుకాణానికి పోయాడు. అద్దాల బీరువాలు, నేల కడిగిన మందు వాసన, మాట్లాడితే గొంతు తగ్గించుకోవాలనిపించే చోటు. నల్లటి పలుకులున్న చిన్న సీసా ఒకటి కొన్నాడు, ఎర్రమందంటారు దాన్ని. ఇంటికొచ్చి గ్లాసెడు నీళ్లలో రెండు పలుకులు వేసి అత్త ముందర పెట్టాడు. నీళ్లలో ఊదారంగు దారాలు దారాలుగా దిగి, గ్లాసంతా ఎర్రబడింది. "చూడక్కా. పొయ్యి లేదు, మంట లేదు. పురుగు సచ్చిపోతది. నీ మొక్కు గూడ చెడది" అన్నాడు సంబరంగా. అత్త గ్లాసు వంక చూసి వెనక్కి జరిగింది. "ఏందిరా ఇది? పసుపు, సున్నం కలిపి దిష్టి తీసి బాటల పారబోసే నీళ్లు గిట్లనే ఉంటయి. ఊరోళ్ల దిష్టంతా నన్ను తాగమంటవా? ఆ మందు ఏ పొయ్యి మీద ఉడికిందో ఎవరికెర్క?" నాయిన మొహం వాడిపోయింది. రసాయనం గురించి ఎంతైనా చెప్పగలడు గానీ, ఆ రంగుని ఏం చేస్తాడు?

అఫ్జల్‌గంజ్‌లో మోటారెక్కి అచ్చంపేట, అక్కడ్నుంచి బండి మీద మన్ననూరు, ఆ తరువాత నడక. భుజాన దుప్పట్లు, డేగిస, బెల్లం, అటుకులు. అత్తకి నానేసిన పెసర్లు, చిల్లగింజల మూట, ఆ ఇత్తడి చెంబు. చెంచు లింగన్న దారి చూపించడానికి మా ముందు నడిచేవాడు. మాఘమాసం ఎండకే వాగులన్నీ ఎండి ఇసుక తేలింది. నీళ్లు కనబడగానే యాత్రకొచ్చిన జనం కుంటల మీద పడేవాళ్లు. లింగన్న మమ్మల్ని పడనిచ్చేవాడు కాదు. "కుంటల నీళ్లు ఒద్దు సామీ. ఎడ్లు తాగుతయి, జనం కడుక్కుంటరు. ఇసుకల చెలిమె తోడుకుందాం" అని వాగులో మోచేతి లోతు గుంట తవ్వేవాడు. నీళ్లు మెల్లగా ఊరేవి. నాయినకి లింగన్న అంటే గురి కుదిరింది. "నేను బడిల చెప్పేది గిదే. ఇసుకే జల్లెడ" అని పొంగిపోయాడు. ఆ నీళ్లు కూడా మాకు కాచే పోసేవాడు. అత్త తన చెంబు తాను నింపుకుని, గింజ అరగదీసి, రేపటికని మూత పెట్టుకునేది.

మొదటిరోజు పొద్దుగూకుతుండగా నాయిన నన్ను పక్కకి పిలిచి సీసా నా చేతిలో పెట్టాడు. "అత్త చూడకుండా నాలుగు పలుకులు ఆ చెంబుల ఎయ్యి బిడ్డా. తెల్లారేసరికి రంగు విరిగిపోతది, ఆమెకు తెల్వదు. నీ మీదనే ఉంది" అన్నాడు. సీసా ఓణీ కొసన ముడేసుకుని చెంబు దగ్గరికి పోయాను. అత్త కట్టెలు ఏరుకుని వస్తూ ఆ ముడి చూసింది. "కొంగుల ఏందే కమలా?" అంది. నేను ముడిని గుప్పిట్లో దాచుకున్నాను. "మీ నాయిన ఇచ్చిండా? నా చెంబుల ఎయ్యమన్నడా?" ఔనని తలూపాను. తిట్టలేదు. నన్ను పక్కన కూచోబెట్టుకుని నా జుట్టులో చెయ్యి పెట్టింది. "ఈ మొక్కు ఎవరిదో ఎర్కేనా? నాది గాదు, నీది. నీ పానం అడుక్కొని తెచ్చుకున్న. చెడితే నాకేమైతది, బతికినదాన్ని. నీకు సుట్టుకుంటది. నీ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు, నా చెంబు ముట్టనని." పెట్టి చెప్పాను.

అత్త మీద ప్రేమతో ఒట్టు వేశానని రాసుకోవచ్చు. చదివేవాళ్లకి బాగుంటుంది కూడా. అది నిజం కాదు. చావంటే ఏమిటో ఏడాది కిందే మంచం మీద చూసొచ్చిన పిల్లని. మళ్లీ నాకు జ్వరం వస్తుందని భయపడ్డాను. అంతే. ఆ భయం నన్ను ఒట్టు దగ్గర ఆగనివ్వలేదు. సీసా నిండుగా ఉంటే నాయినకి అనుమానం వస్తుందని చెలిమె పక్కకి పోయి నాలుగు పలుకులు తడి ఇసుకలో పారబోశాను. ఇసుక ఊదాగా మారింది. కాలితో కప్పేశాను. వేళ్లకంటిన తడికి మందు పట్టుకుని గోధుమరంగు మరక పడింది, తోమినా పోలేదు. పొద్దున నాయిన ఆ మరక చూశాడు. "ఏసినవా?" "ఔ నాయినా." "శాబాష్ బిడ్డా!" అని నా వీపు తట్టాడు. రెండోరోజూ అంతే చేశాను. పొద్దున నాయిన అడక్కముందే మరక చూపించాను.

మూడోరోజు కృష్ణకి ఇంకా ఒక పూట దూరంలో విడిది. మాకంటే ముందొచ్చిన జనం వాగంతా తొక్కి పెట్టారు. లింగన్న మూడు చోట్ల తవ్వినా బురదే వచ్చింది. ఇక కుంటే గతి. కుంట అంచున ఎడ్లు, ఎడ్ల పక్కన స్నానాలు, స్నానాల పక్కన బట్టలు. నాయిన మా నీళ్లు రెండుసార్లు వడగట్టి, ఎప్పటికంటే ఎక్కువసేపు తెర్లించాడు. అత్త అదే కుంటలో చెంబు ముంచుకుంది. ఆ సాయంత్రం గింజ మీద గింజ, మూడు గింజలు అరగదీసింది. నా నాలుగు పలుకులు ఆరోజూ నేలపాలే చేశాను. తెల్లారి చెంబు మూత తీసి నాయినకి చూపించింది. "చూడు నర్సింహా. అద్దంల మొఖం కనవడ్డట్టు కనవడ్తున్నది. ఇంతకంటె మంచినీళ్లు యాడుంటయిరా?" నాయిన చెంబులోకి చూసి చిన్నగా నవ్వాడు. అక్క మీద గెలిచాననుకున్న నవ్వు అది. నవ్వి, అక్క వెనక నుంచి నా వైపు చూసి కన్ను కొట్టాడు. నేనూ నవ్వాను. అత్త ఆ నీళ్లు ఎత్తుకుని గటగటా తాగింది.

పుట్టిలో కృష్ణ దాటాం, మెట్లెక్కాం. శివరాత్రి నాడు దర్శనం అయింది. అత్త నన్ను ముందుకి తోసి, "ఇగో, తెచ్చిన, చూస్కో" అని మల్లన్నతో పోట్లాటకి వచ్చినట్టు చెప్పింది. మర్నాడు పొద్దున అత్తకి మొదలైంది. వాంతులు, విరేచనాలు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కళ్లు లోపలికి పోయాయి, వేళ్ల కొసలు ముడుతలు పడ్డాయి, గొంతు మారిపోయింది. సత్రం వాళ్లు బయట చెట్టు కింద పడుకోబెట్టమన్నారు. నాయిన కాచిన నీళ్లలో ఉప్పు, బెల్లం కలిపి తెచ్చాడు, తాగుతుందో లేదోనని భయంభయంగా నోటి దగ్గర పెట్టాడు. "మొక్కు తీరిందిరా. ఇగ కాచినయి తాగచ్చు. పొయ్యి" అంది అత్త. పోస్తూనే ఉన్నాడు. లోపల నిలవలేదు. పొద్దు వాలకముందే పోయింది. కృష్ణ ఒడ్డునే దహనం చేశాం.

చితి ఆరుతుండగా నాయిన నా ముందుకొచ్చి కూచున్నాడు. "మూడు దినాలు ఏసినవు గద బిడ్డా? ఒక్కపూట గూడ తప్పలే గద?" అని అడిగాడు. కోపంగా కాదు, ఎక్కడో ఒక చిన్న పొరపాటు దొరికితే బాగుండునన్నట్టు అడిగాడు. నా వేళ్ల మీద మరక ఇంకా ఉంది. "తప్పలే నాయినా" అన్నాను. ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్నని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. ఆయన అడగలేదు. నన్ను నమ్మాడు.

ఇంటికొచ్చిన రోజే మిగిలిన మందు మోరీలో కుమ్మరించాడు. సందు పొడుగునా మోరీ ఎర్రగా పారితే జనం బయటికొచ్చి చూశారు. "మందు గాదిది, రంగు. బుక్కుల రాసిందని నమ్మి మా అక్కను సంపుకున్న" అని అందరి ముందూ చెప్పాడు. ఆ తరువాత బడిలో పాఠం చెప్పేవాడు గానీ ఇంట్లో ఒక్క ప్రయోగం చెయ్యలేదు. డేగిస పక్కన గడియారంతో నిలబడటం మానేశాడు. అమ్మ అలవాటు కొద్దీ కాచేది, ఆయన చూసేవాడు కాదు. నేను వేరే గదిలో కూచుని నా చదువు చదువుకునేదాన్ని. నాకు జ్వరం రాలేదు, దగ్గు కూడా రాలేదు.

ఆ వానాకాలం నాంపల్లిలో గత్తర దిగింది. సందులో సగం ఇళ్లకి నల్లా లేదు, అందరికీ ఆ బావే ఆధారం. బల్దియా, అంటే మునిసిపాలిటీ, జమాదారు బావిలో ఎర్రమందు కలుపుతామని వచ్చాడు. ఆడవాళ్లు దిష్టినీళ్లు తాగబోమని అడ్డం తిరిగారు. మా గోడకి ఆనుకుని ఉండే దర్జీ ఇస్మాయిల్ చాచా నాయినని అడగటానికి వచ్చాడు. ఆయన కూతురు జుబేదా, నేనూ ఒక ఈడువాళ్లం, గోడ మీంచి గుడ్డపీలికలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. "మాస్టర్ సాబ్, లాల్ దవా ఏస్తమంటున్నరు. మీరు చదివినోళ్లు. ఎయ్యమంటే ఎయ్యనిస్తం, వద్దంటే వద్దు" అన్నాడు. "ఫాయిదా లేదు భాయ్. మా అక్కకు మూడు దినాలు ఏసినం. ఉన్న బావిని ఖరాబ్ చేసుకోకున్రి" అన్నాడు నాయిన. తలుపు వెనక నిలబడి విన్నాను. నా నాలుక నా నోట్లోనే ఉంది, కదిలించలేదు. జమాదారు వెళ్లిపోయాడు. నాలుగోరోజు జుబేదా పోయింది.

జమాదారు మళ్లీ వచ్చినప్పుడు చాచా అతన్ని వెంటబెట్టుకుని మా గడప దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది. "ఇప్పుడేం చెయ్యమంటరు మాస్టర్ సాబ్?" అన్నాడు. నాయిన తలొంచుకుని, "భాయ్, ఆ మందుతోని..." అని మొదలుపెట్టాడు. నేను ఇద్దరి మధ్యకి వచ్చాను. "నేను ఎయ్యలే" అన్నాను. "ఏంది?" అన్నాడు నాయిన. "అత్త చెంబుల మందు నేను ఎయ్యలే నాయినా. ఒక్కపూట గూడ ఎయ్యలే. ఇసుకల పారబోసిన. అత్త ఒట్టేయించుకుంది. నాకు బయమైంది." చాచా నన్ను పైనించి కిందిదాకా చూశాడు. తన కూతురంత ఉన్నాను. వెనక్కి తిరిగి జమాదారుతో "ఎయ్యున్రి" అన్నాడు. నాయిన లేచి చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ల వెనకే పోయాడు. బాల్చీలో మందు తనే కలిపాడు, బావిలో తనే వంచాడు. నీళ్ల రంగు చూసి ఆడవాళ్లు తిట్టిపోశారు. ఆయన గిలక పట్టుకుని అక్కడే నిలబడి, కనబడ్డ ప్రతి మనిషికీ, "మందు మంచిదేనమ్మా, తప్పు మా ఇంట్లనే జరిగింది" అని చెప్పాడు. ఆ తరువాత మా సందులో గత్తరతో ఇంకెవరూ పోలేదు.

ఇప్పుడు నాంపల్లిలో ఆ బావి ఏ ఇంటి కింద ఉందో నాకే తెలియదు. నీళ్లు సీసాల్లో వస్తున్నాయి, మూత గట్టిగా ఉంటే చాలు, ఎవరు నింపారో అడిగేవాళ్లు లేరు. అప్పట్లో నీళ్లిస్తే ఎవరు తోడారు, ఎవరు కాచారు, ఏ చేత్తో ముట్టారు అని వంద ప్రశ్నలు. ఆ ప్రశ్నల్లో సగం మూర్ఖమైనవే, మా అత్తని అవే తీసుకుపోయాయి. అయినా, నా మనవరాలు ఒక రేకు మాత్రని నమ్మినంత తేలిగ్గా మనిషి ఇంకో మనిషిని నమ్మి నీళ్లు తాగే రోజులవి. నాయిన నన్నలా నమ్మాడు. పుస్తకాన్ని అనుమానించాడు, మందుని అనుమానించాడు, తన చదువునంతా అనుమానించాడు, నన్ను మాత్రం అనుమానించలేదు.

ఆరోజు నాయిన బావి దగ్గర్నుంచి సాయంత్రానికి వచ్చాడు. పాదాలకి బురద, చేతులకి గోధుమరంగు మరకలు. అరుగు మీద కూలబడి దాహమన్నాడు. నేనే గ్లాసు తీసుకుపోయాను. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండేది. "కాచినవా?" అని అడిగాడు. "ఔ నాయినా" అన్నాను. నిజంగానే కాచాను, ఆ మధ్యాహ్నమంతా పొయ్యి ముందే కూచున్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. తరువాత గ్లాసు అందుకుని మెల్లగా అరుగు మీద పెట్టాడు. లోపలికి పోయి, పొయ్యి అంటించి, డేగిసలో వేరే నీళ్లు పోసుకుని, అవి తెర్లేదాకా దాని ముందే నిలబడ్డాడు. నాకు పెళ్లై ఆ ఇల్లు విడిచేదాకా మళ్లీ ఎప్పుడూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నా చేతి నీళ్లూ తాగలేదు.